ఇంకో యాభై అడుగులు

2024 సెప్టెంబర్‌లో ఒక ఆదివారం రాత్రి పన్నెండు దాటినాక మా బావ వీడియో కాల్ చేసి ఫోన్‌ను తీసుకపోయి టీవీకి ఎదురుగా నిలబెట్టినాడు, ఆయన ఉండేది అమెరికాలో షార్లెట్‌లో, ఆడ అప్పుడు మధ్యాహ్నం. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్. వాళ్ళ ఊరి టీమ్ కరోలినా పాంథర్స్, ఎదురుగా చార్జర్స్, చివరికి 26-3తో ఓడిపోయినారు, దానికి ముందు వారం సెయింట్స్ చేతిలో 47-10. "ఈ పొట్టోన్ని తీసి పక్కన కూర్చోబెట్టాల రా, ఎన్నాళ్ళని చూసేది" అని బావ, "రెండేళ్ళు కూడా కాలేదు కదా బావా, పాపం" అని నేను, వెనకాల నుంచి మా అక్క "అర్ధరాత్రి వాన్ని లేపి ఇదా మీరు మాట్లాడుకునేది" అని.

మరుసటి రోజే టీమ్ ఆ పిల్లోన్ని నిజంగానే పక్కన కూర్చోబెట్టింది. బావ టపాసుల బొమ్మలు పంపినాడు వాట్సాప్‌లో. ఆ వాదన మా ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు, ఈమధ్య మా ఇంట్లో జరిగిన ఇంకో సంగతితో కలిసిపోయి నా తలలో తిరుగుతా ఉంది, అందుకే రాస్తున్నా.

తెలియని వాళ్ళకు ఒక మాట. మా అనంతపురంలో ఫుట్‌బాల్ అంటే ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ గ్రౌండ్‌లో పిల్లలు ఆడేది, కాలితో తన్నేది. ఇది అది కాదు. కోడిగుడ్డు ఆకారం బంతి, తలకు హెల్మెట్లు, ఒకర్నొకరు గుద్దుకోవడం. నేను బెంగళూరులో ఐదేళ్ళు అమెరికా క్లయింట్‌కి నైట్ షిఫ్ట్ చేసినా, సోమవారం కాల్ మొదలైతే పది నిమిషాలు వాళ్ళు ఈ ఆట గురించే మాట్లాడుకునేవాళ్ళు, ఊరికే వింటూ కూర్చోలేక నేర్చుకున్నా, ఇప్పుడు ఇంటి నుంచే పని చేస్తున్నా గానీ ఆ పిచ్చి మాత్రం పోలేదు. అందులో క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి ఎత్తూ వాని చేతిలో నుంచే మొదలయ్యేది, బంతి చేతికి వచ్చినాక రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవాల, అంతలోపల అవతల నుంచి ఎద్దుల మాదిరి నలుగురైదుగురు మీద పడ్డానికి వస్తా ఉంటారు, ఇవతల ఐదుగురు లైన్ వాళ్ళు అడ్డం నిలబడాల. ఆ ఒక్కడు సరిగ్గా దొరికితే టీమ్‌కు పదేళ్ళు పండగ. దొరక్కపోతే బావ మాదిరి ఆదివారాలు.

బావ పొట్టోడు అనింది బ్రైస్ యంగ్‌ను. ఐదడుగుల పది అంగుళాలు, మన లెక్కలో పొట్టేం కాదు, ఆ ఆటకు పొట్టి. అలబామా కాలేజీలో 2021లో హైస్‌మన్ ట్రోఫీ కొట్టినాడు, కాలేజీ ఆటలో అంతకు మించింది లేదు. డ్రాఫ్ట్ అంటే కాలేజీ పిల్లోళ్ళను టీమ్‌లు వంతుల వారీగా ఎంచుకునేది, ఒక్కో వంతు ఒక పిక్, ఘోరంగా ఓడినోళ్ళకు ముందు వంతు. 2023 డ్రాఫ్ట్‌లో వీన్ని మొదటి నంబర్‌కే తీసుకోవాలని పాంథర్స్ వాళ్ళు షికాగోకు తమ మంచి రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) డీజే మూర్‌ను ఇచ్చి, దాని పైన తర్వాతి ఏడాది మొదటి రౌండ్ పిక్‌తో సహా ఇంకో నాలుగు పిక్‌లు కట్టబెట్టినారు. తీరా ఆ ఏడాది టీమ్ 17 మ్యాచ్‌లలో గెలిచింది రెండు. పిల్లోన్ని 62 సార్లు కింద పడేసినారు. కోచ్‌ను సీజన్ మధ్యలోనే పీకేసినారు. రెండో నంబర్‌లో హ్యూస్టన్ తీసుకున్న సీజే స్ట్రౌడ్ ఏమో మొదటి ఏడాదే టీమ్‌ను ప్లేఆఫ్స్‌కు తీసుకపోయినాడు. ఇంకా మండేది ఏందంటే పాంథర్స్ అంత ఘోరంగా ఓడినందుకు 2024 మొదటి నంబర్ పిక్ వాళ్ళదే అయింది, కానీ అది ముందే షికాగోకు రాసిచ్చేసినారు కదా, దాంతో వాళ్ళు కేలబ్ విలియమ్స్‌ను తెచ్చుకున్నారు. బావ బాధలో అర్థం ఉంది, లేదనను.

ఇప్పుడు మా చేను సంగతి. మాది నార్పల దగ్గర. ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట. 2018లో కరువు, పాత బోరు ఎండిపోయింది, చెట్లకు అప్పటికి ఏడేళ్ళు, కాపు మీద ఉన్న చెట్లు, నీళ్ళు లేకుంటే కళ్ళ ముందరే ఆకు ముడుచుకుంటా ఉంటే ఎట్లుంటుందో చూసినోళ్ళకే తెలుసు. నాయన బోరుకు పాయింట్ చూసే మనిషిని పిలిపించినాడు. ఆయన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకొని చేనంతా తిరిగినాడు, చెప్పులు గట్టున వదిలేసి, మెల్లగా, ఒక చోట ఆ కాయ లేచి నిలబడింది. నేను ఇంజనీరింగ్ చదివినోన్ని, నమ్మను, కానీ ఆ కాయ నిలబడినప్పుడు నా ఒళ్ళు కూడా జలదరించింది, అబద్ధమెందుకు.

బోరు బండి సాయంత్రం వచ్చింది, తమిళనాడు బండి. తెల్లటి దుమ్ము. చీనీ ఆకుల మీద, మా తలల మీద, అమ్మ తెచ్చిన టీ ఫ్లాస్కు మీద దుమ్ము. మూడొందల అడుగులు, నాలుగొందలు, దుమ్మే. 520 దగ్గర కొంచెం తడి దుమ్ము వచ్చింది, ముద్ద ముద్దగా, నాయన వంగి చేత్తో పట్టుకొని నలిపి చూసి మా అందరికీ చూపించినాడు. అంతే, ఆ తడి మా కొంప ముంచింది. 600కి మళ్ళీ పొడి దుమ్ము. "ఇంకో యాభై అడుగులు చూద్దాం" అన్నాడు నాయన. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది బోరులో, ఇది గుర్తు పెట్టుకోండి, మొదటి మూడొందల అడుగుల రేటు వేరు, ఆరొందలు దాటినాక రేటు వేరు. 650కి ఇంకో యాభై. 700కి ఇంకో యాభై. అప్పుడు అమ్మ అడిగింది, గట్టిగా కూడా కాదు, "ఇప్పుడే కొత్తగా వచ్చి బండి పెట్టేటట్టయితే ఈడ పెడతారా మీరు?" అని. నాయన అమ్మ వైపు చూడలేదు, బండాయన్తో "ఇంకో రెండు రాడ్లు దించప్పా" అన్నాడు. 780 దగ్గర ఆపినాం. తెల్లవారింది. చుక్క నీళ్ళు లేవు, దాని మీద ఒక బండరాయి కప్పి ఇంటికొచ్చినాం.

అమ్మ అడిగిన ఆ ప్రశ్నకు మించింది ఇన్నేళ్ళు ఆటల పోడ్‌కాస్టులు విన్నా నాకు యాడా దొరకలేదు. ఈ పిల్లోని మీద మనం ఎంత పెట్టినాం అన్నది వదిలేయ్, ఈరోజు వీడు ఊరికే దొరికితే తీసుకుంటావా? శాన్ ఫ్రాన్సిస్కో వాళ్ళు ఆ ప్రశ్న వేసుకున్నారు. 2021లో మూడో నంబర్‌కు ఎగబాకడానికి వాళ్ళు మూడు మొదటి రౌండ్ పిక్‌లు పోసినారు, ట్రే లాన్స్ కోసం, ఆ పిల్లోడు అంతకుముందు 2020లో కాలేజీలో ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, కరోనా వల్ల. అంటే కొబ్బరికాయ లేచింది, బండి పెట్టేసినారు. వాడు వాళ్ళకు మొదటి నుంచి ఆడిన మ్యాచ్‌లు నాలుగు, మధ్యలో చీలమండ విరిగింది, ఈలోపల 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే చివర్న, 262వ నంబర్‌లో తీసుకున్న బ్రాక్ పర్డీ అనే పిల్లోడు ఆడి గెలిపిస్తా ఉన్నాడు. 2023 ఆగస్టులో లాన్స్‌ను ఒక నాలుగో రౌండ్ పిక్‌కు డల్లాస్‌కు ఇచ్చేసినారు. మూడు మొదటి రౌండ్లు పోసి నాలుగో రౌండ్‌కు అమ్ముకోవడం, ఊర్లో అయితే తలెత్తుకోలేరు. కానీ ఆ సీజన్ పర్డీతోనే సూపర్ బౌల్ అనే ఫైనల్ దాకా పోయినారు, ఓడిపోయినారు అది వేరే సంగతి. పోయిన దుడ్లు పోయినాయని అనుకోగలగడం నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది, మా నాయనకైతే ఆ రాత్రి చేతకాలేదు, నేనైనా ఆపి ఉంటానా అంటే అనుమానమే.

కొబ్బరికాయ అన్నాను కదా, న్యూయార్క్ జెట్స్ వాళ్ళ జాక్ విల్సన్‌ను తలుచుకోకుండా ఉండలేను. అదే 2021, రెండో నంబర్. డ్రాఫ్ట్‌కు ముందు కాలేజీలో ప్రో డే అని పెడతారు, చొక్కా నిక్కర్లో వచ్చి విసిరి చూపించాల, మీద పడేవాడు ఎవడూ ఉండడు. విల్సన్ ఎడమ వైపు పరిగెత్తుతా ఒళ్ళు తిప్పి అవతల మూలకు ఒక బంతి విసిరినాడు, ఆ వీడియో చూడనోడు లేడు. మ్యాచ్‌లో మీద మనిషి పడుతుంటే ఆ చెయ్యి అట్ల తిరగలేదు. మూడేళ్ళకు డెన్వర్‌కు పంపించేసినారు.

సరే ఇంతవరకు బావ వైపు మాట్లాడినా. ఇప్పుడు నా వైపు.

మా బోరు ఫెయిలయిన మరుసటి ఏడాది గట్టుకు అవతల చేను వాళ్ళు బోరు వేసినారు. మా బండరాయికి అరవై అడుగులు కూడా ఉండదు. 430కి రెండించుల నీళ్ళు. ఆ రోజు నుంచి నాయన గట్టు వైపు కూర్చొని అన్నం తినడు. ఆయన లెక్కలో ఆ కథ నీతి ఏందంటే మనం తొందరపడి ఆపినాం, ఇంకో యాభై అడుగులు పోయుంటే పడేది. అరే నాయనా వాళ్ళకు పడింది 430కి, నువ్వు 780 పోయినావు, అంటే వినడు. పక్కోనికి నీళ్ళు పడినాయంటే నువ్వు ఆపింది తప్పని కాదు, అది వేరే నేల, వేరే పొర, అరవై అడుగుల దూరంలో కూడా.

జెట్స్ వాళ్ళే 2018లో సామ్ డార్నాల్డ్‌ను మూడో నంబర్‌లో తీసుకున్నారు. మూడేళ్ళు చూసి వదిలించుకున్నారు, ఎవరికి, మా బావ వాళ్ళ పాంథర్స్‌కే. వీళ్ళూ రెండేళ్ళు చూసి వదిలేసినారు. అదే 2018లో మొదటి నంబర్ బేకర్ మేఫీల్డ్‌ను క్లీవ్‌లాండ్ వదిలేస్తే వాడూ పాంథర్స్‌కే వచ్చినాడు, సీజన్ మధ్యలో వాన్నీ పంపించేసినారు. పోయి టాంపాలో పడినాడు, 2024లో 41 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే నేరుగా పాయింట్లు తెచ్చే విసుర్లు. డార్నాల్డ్ అదే 2024లో మిన్నెసోటాకు 14 మ్యాచ్‌లు గెలిపించినాడు, 35 టచ్‌డౌన్ పాస్‌లు, 2025లో సియాటిల్ వాళ్ళు మూడేళ్ళకు 100.5 మిలియన్ డాలర్లు రాసిచ్చినారు. బావ ముందర ఈ రెండు పేర్లు ఎత్తితే ఫోన్ పెట్టేస్తాడు. గట్టుకు అవతల నీళ్ళు. పాంథర్స్ వాళ్ళు చేసింది తప్పా అంటే, వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు వాళ్ళ లైను, వాళ్ళ కోచ్‌లతో ఆ ఇద్దరూ ఆడింది చూస్తే ఎవడైనా వదిలేస్తాడు. తప్పు అక్కడ లేదు, పిల్లోన్ని తెచ్చి పెట్టిన చోటులో ఉంది.

ఇక్కడ జోష్ అలెన్ పేరు చెప్పకుండా ఎవరూ వాదించరు. అదే 2018, బఫలో, ఏడో నంబర్. మొదటి ఏడాది వందకు 52.8 పాస్‌లు చేరినాయి, రెండో ఏడాది 58.8, అప్పటికి వాన్ని వదిలేయమన్న వాళ్ళు తక్కువ లేరు. మూడో ఏడాది 69.2. 2024కి లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడు. అందరూ "ఓపిక పట్టినారు చూడు" అంటారు గానీ ఉత్త ఓపిక కాదప్పా, ఆ మూడో ఏడాదికి ముందు మొదటి రౌండ్ పిక్ పోసి స్టెఫాన్ డిగ్స్ అనే మేటి రిసీవర్‌ను తెచ్చినారు, కోచ్‌లను మార్చకుండా ఉంచినారు, ఇన్నేళ్ళూ వాని అడుగులు, వాని చెయ్యి తిప్పే తీరు దిద్దుకుంటా వచ్చినారు. చెట్టుకు నీళ్ళు పెట్టి ఆగడం వేరు, పెట్టకుండా ఆగడం వేరు.

ఇంకో మాట, చీనీ అంటు పెడితే సరైన కాపు వచ్చేది నాలుగైదేళ్ళకు. మూడో ఏట పూత వస్తే మా నాయన దులిపేసేవాడు, చిన్నప్పుడు నాకు ఏడుపొచ్చేది. గ్రీన్ బే వాళ్ళు ఆరన్ రాజర్స్‌ను 2005లో తీసుకొని మూడేళ్ళు బ్రెట్ ఫావ్ర్ అనే పాత క్వార్టర్‌బ్యాక్ వెనకాల కూర్చోబెట్టినారు, తర్వాత జోర్డన్ లవ్‌ను తీసుకొని మళ్ళీ మూడేళ్ళు ఆ రాజర్స్ వెనకాల కూర్చోబెట్టినారు. ఇండియానాపోలిస్ వాళ్ళు 2023లో ఆంథొనీ రిచర్డ్‌సన్‌ను, కాలేజీలో మొదటి నుంచి ఆడింది 13 మ్యాచ్‌లే ఉన్న పిల్లోన్ని, తెచ్చి మొదటి వారమే దించినారు. 2024లో వాని పాస్‌లు చేరింది వందకు 47.7. ఒక మ్యాచ్‌లో ఆయాసమొస్తా ఉందని ఒక ఎత్తు బయట నిలబడితే దేశమంతా తిట్టింది, ముప్పై తొమ్మిదేళ్ళ జో ఫ్లాకోను ఆడించినారు. ఆ పిల్లోడు పనికిరాడో, లేదా పచ్చికాయ కోసినారో, ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

కానీ గ్రీన్ బే మాదిరి అందరూ ఎందుకు ఆగరంటే, ఇక్కడ వస్తుంది అడుగు రేటు లెక్క. డ్రాఫ్ట్‌లో వచ్చినోనికి నాలుగేళ్ళ కాంట్రాక్టు, రేటు ముందే కట్టేసి ఉంటుంది, యంగ్‌కు నాలుగేళ్ళకు కలిపి సుమారు 38 మిలియన్లు. డల్లాస్‌లో డాక్ ప్రెస్కాట్‌కు ఒక్క ఏడాదికి సగటున 60 మిలియన్లు. టీమ్ మొత్తం జీతాలకు 2025 పరిమితి 279.2 మిలియన్లు, దాటకూడదు. అంటే క్వార్టర్‌బ్యాక్ చవగ్గా ఉన్న నాలుగేళ్ళలోనే మిగతా టీమ్‌ను కొనుక్కోవాల. మొదటి రౌండ్ వాళ్ళకు ఐదో ఏడాది టీమ్ ఇష్టం, కానీ ఆ ఇష్టం మూడో సీజన్ అయిపోయినాక మే మొదట్లోనే చెప్పాల, చెప్తే ఆ దుడ్లు మొత్తం గ్యారంటీ. ఆ తారీకు పిల్లోడు ఎదిగినాడా లేదా అన్నదాని కోసం ఆగదు. క్వార్టర్‌బ్యాక్‌ను మూడేళ్ళు చూడాల అని అందరూ అనేది ఆటను చూసి కాదు, ఈ లెక్కను చూసి. ఆరిజోనా వాళ్ళయితే మూడేళ్ళు కూడా చూడలేదు, జోష్ రోజెన్‌ను ఒక్క ఏడాదికే వదిలేసి 2019లో కైలర్ మర్రీని తీసుకున్నారు, అప్పుడు అన్యాయం అనిపించింది, ఇప్పుడు చూస్తే వాళ్ళదే సరి.

ఇంతకూ యంగ్ ఏమైనాడు. వాని బదులు దిగిన ఆండీ డాల్టన్ మొదటి మ్యాచ్‌లోనే 36-22తో గెలిపించినాడు, బావ ఎగిరినాడు. తర్వాత వరసగా ఓటములు. అక్టోబర్‌లో డాల్టన్‌కు కారు యాక్సిడెంట్ అయి బొటనవేలికి దెబ్బ తగిలింది, పెద్ద ప్రమాదమేం కాదు, కానీ విసరలేడు. వేరే దారి లేక మళ్ళీ యంగ్‌ను దించినారు. ఓపికా కాదు, ప్లానూ కాదు, ఒక బొటనవేలు.

నవంబర్ 10న మ్యాచ్ జర్మనీలో మ్యూనిక్‌లో పెట్టినారు, అంటే మనకు రాత్రి ఎనిమిది గంటలకే. నాయన సంగటి తిని చెయ్యి కడుక్కొని వచ్చి నా పక్కన కూర్చున్నాడు, బావ అట్లే ఫోన్ టీవీ ముందర పెట్టి పొద్దున టిఫిన్ తింటా ఉన్నాడు. అవతల టీమ్ న్యూయార్క్ జెయింట్స్, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్. అదనపు సమయంలో జెయింట్స్ వాళ్ళు మొదటి ఎత్తులోనే బంతి జారవిడిచినారు, పాంథర్స్ 20-17తో గెలిచినారు. నాయనకు నియమాలు ఏమీ తెలియవు, కానీ ఎవని మొహం ఎట్ల ఉందో చూస్తాడు.

"ఆ పొడుగోనికి ఎన్నేళ్ళు ఇచ్చినారు రా?"

"ఇది ఆరో ఏడాది నాయనా. నాలుగో ఏడాదికి ముందు వద్దులే అనుకున్నారు, ఐదో ఏడాది ఖాయం చేయలేదు. ఆ ఏడాది కొంచెం బాగా ఆడితే మళ్ళీ నాలుగేళ్ళకు 160 మిలియన్లు రాసిచ్చినారు."

నాయన కొంచేపు ఏం మాట్లాడలేదు. "తడి దుమ్ము చూసినారు" అన్నాడు.

జోన్స్‌కు ఆ టీమ్‌తో అదే ఆఖరి మ్యాచ్, ఆ నెలలోనే వదిలేసినారు. 2025లో ఇండియానాపోలిస్‌లో ఆ రిచర్డ్‌సన్‌తోనే పోటీకి చేరినాడు. యంగ్ మాత్రం సీజన్ ఆఖరి మ్యాచ్‌లో అట్లాంటాను 44-38తో కొట్టి ముగించినాడు, ముందు మంచి ధర పెట్టి లైన్‌లోకి ఇద్దరు గార్డులను తెచ్చినారు కదా, వానికి నిలబడి చూసే టైమ్ దొరికింది, నాకు అనిపించేది అంతే. ఆ సీజన్ అయిపోయినాక బావ "ఇంకో ఏడాది చూద్దాం" అన్నాడు. నేనేమో, నవ్వొద్దు, కొంచెం అటు జరిగినా. లైను మారింది, కోచ్ మారినాడు, అయినా 2025లో కూడా అదే ఎత్తుకు అదే తప్పు చేస్తే 2026 మేలో ఆ ఐదో ఏడాది సంతకం పెట్టొద్దు అన్నా. గెలుపోటములు చూసి కాదు. పోయినేడు చేసిన తప్పు పోయిందా, కొత్త తప్పు చేస్తున్నాడా, అది చూడాల. కొత్త తప్పులు చేసేవాడు ఎదుగుతా ఉన్నట్టే లెక్క.

ఇంట్లో సంగతి అన్నాను కదా. నాయన మళ్ళీ బోరు అంటున్నాడు, ఆదివారం పాయింట్ చూసే మనిషి వస్తాడంట, ఆ పాతాయనే, కొబ్బరికాయతోనే. వద్దని నేనేం వాదించలేదు. ఎన్ని అడుగులకు ఆపాలో బండి రాకముందే రాసి పెట్టుకుందాం అన్నా, సరే అన్నాడు. కరెంటు బిల్లు వెనకాల 600 అని పెద్దగా రాసి అమ్మ చేతికిచ్చినా. సాయంత్రం చూస్తే ఆ అంకె ముందర నాయన అక్షరాలతో చిన్నగా "సుమారు" అని ఉంది.